ఈ లాప్‌టాప్ గేమ్ తయారీకి సరిపోతుందా? లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి

మా చెల్లెలి కొడుకు గుంటూరులో బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాడు. సెలవుల్లో గేమ్‌లు తయారు చేయడం నేర్చుకుందామని పెద్ద త్రీడీ ఇంజిన్ ఒకటి డౌన్‌లోడ్ చేసుకున్నాడు. అది తెరుచుకోవడానికే చాలాసేపు పట్టిందట. తెరుచుకున్నాక మౌస్ కదిపితే రెండు సెకన్లకు గానీ బొమ్మ కదల్లేదట. ఆ రాత్రే ఫోన్ చేశాడు. "మామయ్యా, నా లాప్‌టాప్ దీనికి పనికిరాదా? షాపులో అడిగితే గేమింగ్ లాప్‌టాప్ కొనాల్సిందే అన్నారు. క్లాసులో వాళ్లేమో ఏదైనా సరిపోతుంది అంటున్నారు." గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఏడాది కిందటే వాళ్ల నాన్న వాయిదాల మీద కొనిచ్చిన లాప్‌టాప్ అది.

దానిలో ఉన్నవి ఇవి: ఇంటెల్ ఐ5-1235యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే వేగమైన డిస్క్). విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. డిగ్రీ, బీటెక్ పిల్లల చేతుల్లో తరచూ కనిపించే రకమే. షాపులో చెప్పిందాంట్లోనూ, క్లాసులో చెప్పిందాంట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఎలాంటి గేమ్ చేస్తావు అని ఇద్దరూ అడగలేదు. ఆ ప్రశ్న వదిలేస్తే మిగతా లెక్క ఏదీ కుదరదు.

ఆడటం వేరు, తయారు చేయడం వేరు

"నా లాప్‌టాప్‌లో గేమ్‌లు బాగానే ఆడుతున్నాను, మరి తయారీకి ఎందుకు సరిపోదు?" అన్న సందేహం చాలామందికి వస్తుంది. ఆడేవారికి గేమ్ వడ్డించిన విస్తరి. బొమ్మలన్నీ ముందే కుదించి, కోడ్ అంతా ముందే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి, అక్కర్లేనివి తీసేసి చేతికిస్తారు. దాన్ని నడిపించడమే లాప్‌టాప్ పని. తయారు చేసేవారిది వంటింటి పని. కూరగాయలు తరిగేదీ, పొయ్యి మీద పెట్టేదీ, రుచి చూసేదీ అక్కడే. మధ్యమధ్యలో ఉప్పు చాల్లేదని మళ్లీ మొదటికి వచ్చేదీ అక్కడే.

గేమ్ ఇంజిన్ అంటే ఏమిటో ఒకసారి చెప్పుకుందాం. తెర మీద బొమ్మలు గీయడం, రెండు వస్తువులు ఢీకొన్నాయో లేదో చూడటం, శబ్దాలు వినిపించడం, కీబోర్డు నొక్కితే గుర్తించడం వంటి పనులు ప్రతి గేమ్‌కూ కావాలి. వాటన్నిటినీ ముందే రాసిపెట్టిన సాఫ్ట్‌వేర్‌ని ఇంజిన్ అంటారు. గోడో, యూనిటీ, అన్‌రియల్ బాగా వినిపించే పేర్లు. ఆ ఇంజిన్‌తో పని చేయడానికి మన ముందు తెరుచుకునేది ఎడిటర్.

ఎడిటర్‌లో కూర్చున్నవారికి రోజంతా రకరకాల ఎదురుచూపులు ఉంటాయి. కొత్త బొమ్మనో, త్రీడీ మోడల్‌నో లోపలికి తెచ్చుకుంటే ఇంజిన్ దాన్ని తనకు పనికొచ్చే రూపంలోకి మార్చుకుంటుంది. ఇది ఇంపోర్ట్. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చినా, చాలా ఇంజిన్లలో దాన్ని మళ్లీ యంత్రభాషలోకి మార్చాలి. ఇది కంపైల్. వెలుతురు పడితే గోడ ఎలా మెరవాలి, నీళ్లు ఎలా కదలాలి అని గ్రాఫిక్స్ చిప్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాములను షేడర్లు అంటారు. వాటినీ కంపైల్ చేయాలి. పెద్ద ఇంజిన్లలో ఇవి వేల సంఖ్యలో ఉంటాయి. కదలని దీపాల వెలుగునీ, నీడల్నీ ముందే లెక్కగట్టి పెట్టుకోవడం బేకింగ్. చివరికి గేమ్‌ని ఫోన్‌లోకో వేరే కంప్యూటర్‌లోకో వెళ్లేలా ప్యాక్ చేయడం బిల్డ్.

ఇంత పని ఇచ్చినా లాప్‌టాప్ "నేను చేయను" అని మొండికేసే సందర్భాలు తక్కువ. ఆలస్యం చేస్తుంది, అంతే. కాబట్టి "శక్తి సరిపోతుందా" అన్న ప్రశ్నని "ఏ పనికి ఎంతసేపు ఎదురుచూడాలి, ఆ ఎదురుచూపు ఏ భాగం వల్ల" అని మార్చి అడిగితే జవాబు దొరుకుతుంది. ర్యామ్, ప్రాసెసర్, గ్రాఫిక్స్, డిస్క్ ఒక్కోటీ ఒక్కో రకమైన ఆలస్యానికి కారణం అవుతాయి.

ముందు గేమ్, తర్వాతే లాప్‌టాప్

టూడీ గేమ్ అంటే చదునైన బొమ్మలతో నడిచేది. పక్కకి పరిగెత్తే బొమ్మ, పజిల్, పేకాట లాంటివి. ఇలాంటివాటికి ఈ పదేళ్లలో వచ్చిన లాప్‌టాప్ ఏదైనా దాదాపుగా చాలు. గోడో ఇంజిన్ డౌన్‌లోడ్ కొన్ని పదుల ఎంబీలే. ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు, జిప్ విప్పి తెరిస్తే నడుస్తుంది. 2014 నుంచి ఓపెన్ సోర్స్‌గా ఉంది, పైసా కట్టనక్కర్లేదు. బ్రౌజర్‌లోనే గేమ్‌లు చేయించే కన్‌స్ట్రక్ట్, జావాస్క్రిప్ట్ తెలిసినవారికి ఫేజర్, పైథాన్ నేర్చుకుంటున్నవారికి పైగేమ్, చిన్నపిల్లలకు స్క్రాచ్ ఈ కోవకే వస్తాయి.

తర్వాతిది చిన్న త్రీడీ. ఒక గది, కొన్ని పెట్టెలు, ఒక పాత్ర. లేదా తక్కువ త్రిభుజాలతో (త్రీడీ మోడళ్లని కట్టే చిన్న ముక్కలు), చదునైన రంగులతో ఉండే 'లో పాలీ' తరహా ఊరు. గోడోలోనో, యూనిటీలోనో ఇది చేయడానికి విడి గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే హాయి. లేకపోయినా నేర్చుకోవడం ఆగదు.

మూడోది నిజంలా కనిపించే త్రీడీ. 2022 ఏప్రిల్‌లో వచ్చిన అన్‌రియల్ ఇంజిన్ 5లో కోట్ల త్రిభుజాలున్న మోడళ్లని నేరుగా చూపించే నానైట్, వెలుతురు గోడల మీంచి తిరిగి పడటాన్ని అప్పటికప్పుడే లెక్కగట్టే లుమెన్ ఉన్నాయి. యూట్యూబ్‌లో మనల్ని కట్టిపడేసే వీడియోలు ఎక్కువగా వీటివే. ఈ ఇంజిన్‌కి దాని తయారీదారు ఎపిక్ సిఫారసు చేసేది 32 జీబీ ర్యామ్, 8 జీబీ లేదా అంతకు మించి గ్రాఫిక్స్ మెమరీ. మా మేనల్లుడు వీడియో చూసి మొదలుపెట్టింది ఇలాంటి పనితోనే.

ఇక్కడ 'మినిమమ్', 'రికమెండెడ్' అనే మాటల దగ్గర తేడా గమనించాలి. మినిమమ్ అంటే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, పడిపోకుండా నిలబడుతుంది అని. ఆ యంత్రం మీద రోజూ పని చేయడం సుఖంగా ఉంటుందని ఆ మాట హామీ ఇవ్వదు. రికమెండెడ్ అంటే వృత్తిగా చేసేవారిని మనసులో పెట్టుకుని రాసిన అంకె. త్రీడీ మోడళ్లు చేసే బ్లెండర్‌నే చూడండి. మినిమమ్ 8 జీబీ ర్యామ్, రికమెండెడ్ 32 జీబీ. నేర్చుకునేవారి అవసరం ఎక్కువసార్లు ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ చోటు కంపెనీ పేజీలో దొరకదు. మనమే లెక్క వేసుకోవాలి.

ర్యామ్: కాగితం మీద కూడి చూద్దాం

ర్యామ్ అంటే పని బల్ల. బీరువాలో ఎన్ని పుస్తకాలున్నా, ఒకేసారి తెరిచి పెట్టుకోగలిగేది బల్ల పట్టినన్నే. 8 జీబీ అని రాసి ఉన్నా అందులో కొంత భాగాన్ని లాప్‌టాప్ తన హార్డ్‌వేర్ కోసం పక్కన పెట్టుకుంటుంది. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న లాప్‌టాప్‌లలో మనకి 7.7 జీబీ చుట్టుపక్కల మిగులుతుంది. కొన్నిటిలో ఇంకా తక్కువ.

మా మేనల్లుడి లాప్‌టాప్‌లో ఒక సాయంత్రం ఏం తెరిచి ఉంటాయో ఊహించండి. అంకెలు సుమారువే, యంత్రాన్ని బట్టి అటూఇటూ అవుతాయి. విండోస్ 11, దాని వెనక నడిచేవి కలిపి 3.5 జీబీ. బ్రౌజర్‌లో పాఠం వీడియో, మరో ఏడెనిమిది ట్యాబ్‌లు 1.5 జీబీ. చిన్న త్రీడీ ప్రాజెక్ట్‌తో యూనిటీ ఎడిటర్ 2 జీబీ. కోడ్ రాసే ఎడిటర్ 0.7 జీబీ. మొత్తం 7.7. బల్ల నిండింది. ఇంకా ప్లే బటన్ నొక్కనే లేదు. నొక్కితే ఇంకో అర జీబీ. పక్కన బ్లెండర్ తెరిస్తే మరో జీబీ. అంటే 9 జీబీ దాటింది.

అప్పుడేమవుతుంది? విండోస్ ఆ క్షణంలో వాడని వాటిని డిస్క్ మీదకి తోసి, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ర్యామ్ సెకనుకు పదుల జీబీల వేగంతో అందిస్తే, ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్ఎస్‌డీ 3 జీబీ దగ్గర, పాత హార్డ్ డిస్క్ 0.1 జీబీ దగ్గర ఉంటాయి. అందుకే ఒక కిటికీలోంచి ఇంకో కిటికీకి వెళ్లేసరికి లాప్‌టాప్ కాసేపు హ్యాంగ్ అయినట్టు ఉంటుంది. ప్రాసెసర్ నెమ్మదని అనుకుంటాం. నిజానికి ప్రాసెసర్ కూడా మనలాగే ఎదురుచూస్తూ ఉంటుంది.

అదే లెక్క గోడో టూడీతో వేయండి. విండోస్ 3.5, బ్రౌజర్ 1.5, గోడో అర జీబీ. కోడ్ కూడా దానిలోనే రాసుకోవచ్చు కాబట్టి వేరే ఎడిటర్ అక్కర్లేదు. మొత్తం 5.5. అదే 8 జీబీ లాప్‌టాప్ ఇక్కడ ఊపిరి పీల్చుకుంటుంది. లాప్‌టాప్ మారలేదు, పని మారింది.

ర్యామ్‌లో రెండో చిక్కు ఉంది, దీని గురించి షాపుల్లో అరుదుగా చెబుతారు. 8 జీబీని ఒకే కార్డుగా పెడితే ఒకే దారి, రెండు 4 జీబీ కార్డులుగా పెడితే రెండు దారులు. డీడీఆర్4-3200 రకం ర్యామ్ ఒక దారిలో సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ ఇస్తుంది, రెండు దారుల్లో 51.2. విడి గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నవాళ్లకి ఇది అంత పట్టించుకోవాల్సిన విషయం కాదు. లేనివాళ్లకి మాత్రం ప్రాణప్రదం. ఎందుకంటే వాళ్ల గ్రాఫిక్స్ చిప్‌కి సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌లోంచే తెచ్చుకోవాలి. ఇంటెల్ అయితే ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌కి రెండు దారుల్లో మెమరీ లేకపోతే ఆ పేరు కూడా ఇవ్వదు. విండోస్‌లో అది ఉత్త యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని కనిపిస్తుంది.

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మెమరీ మీద నొక్కితే, ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని వాడుకలో ఉన్నాయో చాలా లాప్‌టాప్‌లలో కనిపిస్తుంది. ఖాళీ స్లాట్ ఉంటే ర్యామ్ పెంచుకోవచ్చు. సన్నటి లాప్‌టాప్‌లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు. స్లాట్ లేకుండా అలా అతికించి ఉంటే కొన్నరోజు ఎంతో చివరిదాకా అంతే. "ఇప్పుడు 8తో కొనేయ్, తర్వాత సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి ఇంకో 8 వేయించుకో" అనేది ఎన్నో ఏళ్లు పనిచేసిన సలహా. 2025 చివరి నుంచి ఆ సలహా ఖరీదు పెరిగింది. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు భారీగా వెళ్లిపోతుండటంతో మామూలు ర్యామ్ ధరలు పైకెక్కాయి. మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. కొత్తగా కొనేవారు ర్యామ్ సంగతి కొనే రోజే తేల్చుకోవాల్సి రావడానికి కారణం ఇదే.

ప్రాసెసర్ పేరులో దాగినవి

"ఐ5 కన్నా ఐ7 మంచిది, ఎక్కువ కోర్లుంటే ఇంకా మంచిది." వినడానికి సూటిగా ఉంటుంది గానీ లాప్‌టాప్‌ల దగ్గర ఈ లెక్క తరచూ తప్పుతుంది. కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా పని చేయగల ఒక్కో భాగం.

మా వాడి 1235యూలో 10 కోర్లున్నాయి. అదే తరానికి చెందిన ఐ5-12450హెచ్‌లో 8 కోర్లే. కానీ ఆ పదిలో వేగమైన పెద్ద కోర్లు 2, విద్యుత్తు పొదుపు చేసే చిన్న కోర్లు 8. రెండోదానిలో పెద్దవి 4, చిన్నవి 4. చివర ఉన్న అక్షరం ఇంకా ముఖ్యం. యూ రకానికి ఇంటెల్ పెట్టిన మూల విద్యుత్తు 15 వాట్లు, హెచ్ రకానికి 45 వాట్లు. కాసేపు రెండూ దానికి మించి పరిగెత్తగలవు. పది నిమిషాల పాటు షేడర్లు కంపైల్ చేయమంటే మాత్రం, 15 వాట్ల మీద కుదురుకున్న ప్రాసెసర్, 45 వాట్ల మీద నిలబడే ప్రాసెసర్‌ని అందుకోలేదు. బిల్డ్, బేకింగ్ లాంటి దూరపు పరుగుల్లో ఈ తేడా బయటపడుతుంది. విచిత్రమేమంటే లోపలి గ్రాఫిక్స్ విషయంలో యూ రకమే పెద్దది. 1235యూలో 80 గ్రాఫిక్స్ యూనిట్లుంటే 12450హెచ్‌లో 48. హెచ్ రకం పక్కన విడి గ్రాఫిక్స్ కార్డ్ ఎలాగూ ఉంటుందన్న లెక్కతో చేసినది.

ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ వైపు తికమక ఇంకో రకం. రైజెన్ 5 7520యూ, 7530యూ, 7540యూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. మూడో అంకె చూడండి. అది లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. 2 అంటే జెన్ 2, అది 2019లో వచ్చిన డిజైన్. 3 అంటే జెన్ 3, 2020 నాటిది. 4 అంటే జెన్ 4, 2022 నాటిది. 7520యూలో 4 కోర్లు, మిగతా రెండింటిలో ఆరేసి. గ్రాఫిక్స్ కూడా 7520యూలో బాగా చిన్నది. దాని ర్యామ్ బోర్డుకి అతికించి ఉండే రకమే కాబట్టి తర్వాత పెంచుకునే వీలు కూడా ఉండదు. డబ్బా మీద మాత్రం మూడింటి మీదా "రైజెన్ 5, 7000 సిరీస్" అనే ఉంటుంది. కష్టపడి కూడబెట్టిన డబ్బుతో కొనేవారికి ఈ ఒక్క అంకె తెలియకపోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

నేర్చుకునేవారికి ప్రాసెసర్ వేగం నిజంగా ఎక్కడ తగులుతుంది? పెద్ద బిల్డ్‌ల దగ్గర కన్నా చిన్న ఎదురుచూపుల దగ్గరే. కోడ్ మార్చి, సేవ్ చేసి, ప్లే నొక్కి చూడటం కొత్తవాళ్లు రోజుకి వందసార్లు చేస్తారు. ఒక్కోసారికి 8 సెకన్లు పడితే మొత్తం 800 సెకన్లు, అంటే 13 నిమిషాల చిల్లర. 25 సెకన్లు పడితే 2,500 సెకన్లు, దాదాపు 42 నిమిషాలు. పోయేది అరగంటే. కానీ 25 సెకన్ల ఖాళీలో చెయ్యి ఫోన్ మీదకి వెళ్తుంది, ఏం సరిచేస్తున్నామో మర్చిపోతాం. ఇక్కడ పెద్ద కోర్ ఒక్కోటి ఎంత చురుకైనదన్నదే లెక్క, కోర్ల సంఖ్య కాదు. ఇంజిన్ ఎంపిక కూడా ఇందులో కలుస్తుంది. గోడో సొంత భాష జీడీస్క్రిప్ట్‌లో రాసినప్పుడు ఈ కంపైల్ ఎదురుచూపు దాదాపు ఉండదు. యూనిటీలో సీ షార్ప్ మార్చినప్పుడు కొంత ఉంటుంది. అన్‌రియల్‌లో సీ ప్లస్ ప్లస్ అయితే ఎక్కువ. కోడ్ రాయకుండా తెర మీద డబ్బాలు కలుపుతూ పోయే బ్లూప్రింట్ పద్ధతిలో తక్కువ.

గ్రాఫిక్స్: ఉండాలా, ఎంత ఉండాలి

గేమ్‌లో కదలిక నునుపుగా కనిపించాలంటే సెకనుకు 60 చిత్రాలు అనేది వాడుకలో ఉన్న కొలత. అంటే ఒక్కో చిత్రం గీయడానికి 16.7 మిల్లీసెకన్లే సమయం. 30 చిత్రాలైతే 33.3. ఆడేవారు 60 కోరుకోవడం న్యాయమే. ఎడిటర్‌లో గోడ పక్కకి జరుపుతున్నవారికి 30 వచ్చినా పని సాగుతుంది. ఇది నేర్చుకునేవారికి కలిసొచ్చే విషయం.

ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌తో టూడీ మొత్తం, చిన్న త్రీడీలో చాలా భాగం అయిపోతాయి. గోడో 4లో మూడు రకాల చిత్రణ పద్ధతులున్నాయి. ఫార్వర్డ్ ప్లస్, మొబైల్ అనేవి వల్కన్ లాంటి, గ్రాఫిక్స్ చిప్‌తో సాఫ్ట్‌వేర్ మాట్లాడే కొత్త తరం పద్ధతుల మీద నడుస్తాయి. కంపాటిబిలిటీ అనేది పాత పద్ధతి ఓపెన్‌జీఎల్ 3.3 చాలనుకుంటుంది, పాత యంత్రాల కోసమే పెట్టింది. పాత లాప్‌టాప్‌లో కొత్త ప్రాజెక్ట్ తెరవగానే మూసుకుపోతుంటే, కారణం శక్తి లేకపోవడం కాకుండా వల్కన్ లేకపోవడం కావచ్చు. అంతకుముందు చెప్పిన "మొండికేసే" అరుదైన సందర్భం ఇదే.

విడి గ్రాఫిక్స్ కార్డ్‌కి సొంత మెమరీ ఉంటుంది, వీర్యామ్ అంటారు. సీన్‌లో కనిపించే రంగుల పొరలు, మోడళ్లు అందులో పట్టాలి. పట్టకపోతే మామూలు ర్యామ్‌లోకి పొంగి వేగం ఒక్కసారిగా పడిపోతుంది. లాప్‌టాప్‌లలో ఎన్‌విడియా కంపెనీ కార్డులైన ఆర్‌టీఎక్స్ 2050, 3050 ఎక్కువగా 4 జీబీతో, 4050 6 జీబీతో, 4060 8 జీబీతో వస్తాయి. ఎపిక్ చెప్పిన 8 జీబీ పక్కన పెట్టి చూస్తే, షాపువాళ్లు చూపించే చవక 'గేమింగ్ లాప్‌టాప్' కూడా నిజంలా కనిపించే త్రీడీకి పూర్తిగా సరితూగదని తెలుస్తుంది. చిన్న సీన్లు, తగ్గించిన సెట్టింగులతో నేర్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

కార్డ్ పేరు ఒకటే అయినా బలం ఒకటి కాదు. లాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4050కి ఎన్‌విడియా 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా అనుమతిస్తుంది. ఎంత ఇవ్వాలన్నది లాప్‌టాప్ తయారు చేసేవారి ఇష్టం. సన్నటి లాప్‌టాప్‌లో తక్కువ ఇస్తారు, లావుపాటిదానిలో ఎక్కువ ఇస్తారు. ఒకే పేరున్న కార్డ్‌తో ఇద్దరు స్నేహితులకు రెండు రకాల వేగం రావడానికి కారణం ఇది.

డిస్క్, ఎండ, చార్జర్

డిస్క్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. హార్డ్ డిస్క్ మాత్రమే ఉన్న పాత లాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ వేయిస్తే వచ్చే తేడా మిగతా ఏ మార్పుకీ రాదు. చోటు విషయానికొస్తే అన్‌రియల్ ఒక్కటే పదుల జీబీలు తింటుంది. యూనిటీ ప్రతి ప్రాజెక్ట్‌లోనూ లైబ్రరీ అనే ఫోల్డర్‌లో తన లెక్కలు దాచుకుంటుంది, అది జీబీల్లోకి పెరుగుతుంది. 256 జీబీ త్వరగా ఇరుకవుతుంది. 512 అయితే నేర్చుకునే కాలానికి సరిపోతుంది.

వేడి సంగతి మన ఊళ్లకి బాగా సంబంధించినది. చిప్ 95, 100 డిగ్రీల దగ్గరకి చేరితే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్ ఎంత వేడిని బయటికి తోయగలదన్నది చిప్‌కీ గదికీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల గదిలో 95కి చేరడానికి 70 డిగ్రీల ఎడం ఉంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 42 డిగ్రీలున్న గదిలో ఆ ఎడం 53. అంటే వేడిని తోసే శక్తి సుమారు పావు వంతు తగ్గినట్టు. డిసెంబర్‌లో బాగా నడిచిన లాప్‌టాప్ మేలో నెమ్మదించిందంటే పాడైపోయిందని కంగారుపడక్కర్లేదు. లాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టుకుంటే గాలి దారులు కూడా మూసుకుపోతాయి.

చార్జర్ తీసేసినా ఇదే జరుగుతుంది. బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లు ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ ఇచ్చే విద్యుత్తును తగ్గిస్తాయి. కరెంటు పోయినప్పుడు బిల్డ్ మొదలుపెట్టి లాప్‌టాప్ శక్తిని అంచనా వేస్తే లెక్క తప్పుతుంది.

మ్యాక్ గురించీ అడుగుతుంటారు. ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్‌లో కూడా గోడో, యూనిటీ చక్కగా నడుస్తాయి. 2024 అక్టోబర్ నుంచి ఆపిల్ వాటిని కనీసం 16 జీబీతో ఇస్తోంది. ఐఫోన్‌కి గేమ్ బిల్డ్ చేయాలంటే ఎక్స్‌కోడ్ అనే ఆపిల్ సాఫ్ట్‌వేర్ కావాలి, అది మ్యాక్ మీదే నడుస్తుంది. ఆండ్రాయిడ్ కోసమైతే ఈ బెడద లేదు. కేబుల్‌తో సొంత ఫోన్ కలిపి గేమ్‌ని అందులోనే నడిపి చూసుకోవచ్చు.

రెండు వాదనల బరువు

"ఏదైనా సరిపోతుంది" అనేవారి వాదనలో పస ఉంది. మొదటి ఏడాది నేర్చుకునేది తర్కం. బొమ్మ గోడలోకి దూరిపోకుండా ఆపడం, స్కోరు లెక్కపెట్టడం, ఓడిపోతే మళ్లీ మొదలయ్యేలా చేయడం. వీటికి గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు. పైగా మన దగ్గర గేమ్‌లు ఎక్కువగా ఆడేది మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో. బలహీనమైన లాప్‌టాప్‌లో హాయిగా నడిచేలా చేసిన గేమ్ ఆ ఫోన్లలోనూ నడిచే అవకాశం ఎక్కువ. ఖరీదైన యంత్రం మీద చేసేవారికి ఈ బరువు కనిపించదు, చివరికి ఫోన్‌లో పెట్టి చూసినప్పుడు తెలుస్తుంది.

"మంచిది కొనుక్కో" అనేవారి వాదన కూడా తీసిపారేయదగింది కాదు. పదే పదే హ్యాంగ్ అయ్యే యంత్రం మీద నేర్చుకునేవారికి తప్పు తమదో యంత్రానిదో తెలియదు. కొందరు ఆ విసుగుతోనే వదిలేస్తారు. త్రీడీ బొమ్మలు, లైటింగ్ వృత్తిగా ఎంచుకోవాలనుకునేవారికి విడి గ్రాఫిక్స్ కార్డ్ విలాసం కాదు, అది పనిముట్టు. లాప్‌టాప్ నాలుగేళ్లు ఉంటుంది, రెండో ఏడాదికి అవసరం పెరుగుతుంది అనే మాట కూడా నిజమే.

నేను రెండింటినీ కలిపి ఇలా చూస్తాను. ఇప్పటికే లాప్‌టాప్ ఉన్నవారికి మొదటి వాదన సరిపోతుంది. ఎందుకంటే వాళ్లకి గేమ్ ఎంపిక మార్చుకునే వీలుంది, అది ఉచితం. కొత్తగా కొనబోతున్నవారికి రెండో వాదనలో సగం సరిపోతుంది. 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఇటీవలి డిజైన్ ఉన్న ప్రాసెసర్ ముందు వరుస. గ్రాఫిక్స్ కార్డ్ దాని తర్వాత. 8 జీబీ ర్యామ్ పక్కన ఖరీదైన గ్రాఫిక్స్ కార్డ్ పెట్టి అమ్మే లాప్‌టాప్‌లలో ఈ వరుస తలకిందులై ఉంటుంది. ఆడటానికి అది కొంతవరకు నడుస్తుంది, తయారీకి బల్ల చాలదు.

సాక్ష్యం యంత్రమే చెబుతుంది

ఇదంతా విన్నాక మా వాడిని ఒక సాయంత్రం మామూలుగా పని చేసుకుంటూ టాస్క్ మేనేజర్‌ని పక్కన తెరిచి ఉంచమన్నాను. హ్యాంగ్ అయిన ప్రతిసారీ ఏ గీత పైకెక్కిందో చూడమన్నాను. ప్రాసెసర్ గీత 100 దగ్గర నిలబడితే కంపైలో బిల్డో సాగుతోందని. గ్రాఫిక్స్ గీత నిండితే సీన్ బరువెక్కిందని. మెమరీ నిండి, డిస్క్ గీత ఎగిరెగిరి పడుతుంటే బల్ల చాలక సామాన్లు బీరువాలోకి వెళ్లి వస్తున్నాయని.

మర్నాడు స్క్రీన్‌షాట్లు పంపాడు. ప్రాసెసర్ 40 శాతం దాటింది తక్కువ. మెమరీ 96 శాతం. డిస్క్ గీత పైన ఆడుతోంది. ఇంకో స్క్రీన్‌షాట్‌లో స్లాట్లు రెండు, వాడుకలో ఉన్నది ఒకటి. గ్రాఫిక్స్ దగ్గర యూహెచ్‌డీ అని పేరు.

గేమింగ్ లాప్‌టాప్ మాట పక్కన పెట్టి, రెండో స్లాట్‌లో ఇంకో 8 జీబీ వేయించాం. ధర మునుపటి కన్నా ఎక్కువే, అయినా కొత్త లాప్‌టాప్ ఖర్చులో చిన్న ముక్క. పెద్ద త్రీడీ ఇంజిన్ తీసేసి గోడో పెట్టుకున్నాడు, నీళ్ల ట్యాంకర్‌ని సందుల్లోంచి నడిపించే చిన్న టూడీ గేమ్ మొదలుపెట్టాడు. ర్యామ్ వేయించిన రాత్రి మళ్లీ ఫోన్ వచ్చింది. "మామయ్యా, గ్రాఫిక్స్ పేరు మారిపోయింది. ఇప్పుడు ఐరిస్ ఎక్స్ఈ అని చూపిస్తోంది!"